తెల్లని పురుగు ఒక్కటైనా

ముప్పై నాలుగు సంవత్సరాల పాటు ఒక బ్యాంకులో సంతకాలను పరిశీలించడం నా ఉద్యోగం. చెక్కు మీది సంతకాన్నీ, కార్డు మీది నమూనా సంతకాన్నీ పక్కపక్కన పెట్టి, ఇది అతనిదే, ఇది అతనిది కాదు అని తేల్చి చెప్పేవాడిని. నా బల్ల దాటి ఒక్క దొంగ సంతకమైనా బయటికి పోలేదు. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. నా పదవీ విరమణ సభలో మేనేజరు అన్న మాటే ఇది. సహోద్యోగులు నన్ను ‘భూతద్దం’ అని పిలుచుకునేవారు. చాటుగానే అనుకోండి. కాని చాటుమాట వినిపించనంత మందమైన చెవి నాకు ఎన్నడూ లేదు.

అటువంటి నన్ను బియ్యపు గింజంత పురుగు ఒకటి ఆరు రోజుల పాటు మోసగించింది.

నా ఉద్యోగంలో బదిలీలు తొమ్మిది. ప్రతి ఊరిలోనూ నా భార్య ఏదో ఒక మూల నాలుగు కూరగాయ మొక్కలు పెట్టేది. అవి పూతకు వచ్చే వేళకు నాకు బదిలీ ఉత్తర్వు వచ్చేది. కుండీలను పక్కింటివారికి అప్పగించి, లారీ కదిలే ముందు వాటికి ఒక్కసారి నీళ్ళు పోసి వచ్చి కూర్చునేది. ఆమె పెంచిన వంకాయల రుచి తొమ్మిది ఊళ్ళ పక్కింటివారికి తెలుసు, మాకు తెలియదు.

పదవీ విరమణ చేసి ఈ నాలుగంతస్తుల భవనంలో పై వాటా కొనుక్కున్న నెలకే, డాబా మీద ఇరవై రెండు కుండీలు వెలిశాయి. అన్నీ కుండీలే అనడానికి వీల్లేదు. పగిలిన బకెట్లు, ఖాళీ రంగు డబ్బాలు, పాత వాషింగ్ మెషీను తొట్టి ఒకటి. పది వంగ, ఎనిమిది బెండ, నాలుగు టమాటా.

“ఇంక వీటిని ఎవరికీ ఇచ్చి వెళ్ళక్కర్లేదు కదండీ” అని ఆమె ఒకనాడు అడిగింది.

అక్కరలేదని నేను చెప్పాను.

పూత వచ్చింది. పూతతో పాటు పిండినల్లి కూడా వచ్చింది. చూడని వారి కోసం చెబుతున్నాను: ఆకు అడుగునా, కొమ్మల సందులలోనూ ఎవరో చిటికెడు పిండి చల్లినట్లు కనిపించే మెత్తని తెల్ల పురుగు ఇది. కదలక మెదలక మొక్క రసం పీల్చి, తాగినదానిలో సగాన్ని తియ్యని జిగురుగా క్రిందికి విడుస్తుంది. ఆ జిగురు కోసం చీమలు వస్తాయి. మా విషయంలో చీమల కంటే ముందు దర్జీ గారు వచ్చారు.

ఆయన దుకాణం మా భవనం క్రింది అంతస్తులోనే ఉంది. భవన సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. మెడలో కొలత టేపుతో, చేతిలో ఒక తెల్లని నూలు బట్టతో మా గుమ్మంలో నిలబడ్డారు.

“సార్, ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి.”

పెట్టాను. బట్ట నా అరచేతికి అంటుకుని వచ్చింది.

“కత్తెర పెట్టే ముందు నూలు బట్ట తడిపి డాబా మీద ఆరేస్తాను సార్. లేకపోతే కుట్టాక కుంచించుకుపోయి, బట్టిచ్చినాయన నా పీక మీద కూర్చుంటాడు. ఆరేసినప్పుడు బట్టే. తీసినప్పుడు చూస్తే పాకం. మీ వంగమొక్కలు తీగ పక్కనే ఉన్నాయి మరి.”

“వాటికి కొంచెం పురుగు పట్టింది” అన్నాను.

“కొంచెమా? మా ఆవిడ దుప్పటి చూపించమంటారా?” అని ఆయన తలుపుకు ఆనుకున్నారు. “సంఘంలో అందరూ కుండీలు దించెయ్యమనే అంటున్నారు. పెద్దవాళ్ళు, సరదాగా పెంచుకుంటున్నారు, పోనివ్వండని నేనే ఆపాను. నెలా పదిహేను రోజులు చూద్దాం సార్. అప్పటికీ ఇలాగే ఉంటే మాత్రం ఏమీ అనుకోకండి.”

“లిఖితపూర్వకంగా ఇస్తాను.”

“ఎందుకు సార్, నోటిమాట చాలు.”

“చాలదు” అన్నాను.

నా చేతులారా రాసి ఇచ్చాను: ‘నేటి నుండి నలభై ఐదవ నాటికి డాబాపై గల మొక్కలపై తెల్లని పురుగు ఒక్కటైనా కనిపించినచో, కుండీలన్నిటినీ నా స్వంత బాధ్యతపై క్రిందికి దింపించగలవాడను.’ క్రింద సంతకం, తేదీ.

ఆయన వెళ్ళాక నా భార్య నకలు చదివింది. “ఒక్కటైనా అని రాశారా?”

“హామీ అనేది నిర్దిష్టంగా ఉండాలి.”

“ఒకటో రెండో ఉన్నా ఫరవాలేదని రాస్తే మీ సొమ్మేం పోయేది?”

“అలా రాస్తే అది హామీ కాదు, బేరం.”

సాయంత్రం ఆమె డాబా మీదకు వెళ్ళి, నీళ్ళు పోయడం అయిపోయిన తరువాత కూడా చాలాసేపు అక్కడే కూర్చుంది.

మరునాటి నుండి నేను పనిలోకి దిగాను. ఉదయం ఆరు గంటలకు భూతద్దం, పాత పళ్ళ బ్రష్షు, సబ్బునీళ్ళ సీసా పట్టుకుని మొదటి కుండీ దగ్గర స్టూలు వేసుకునేవాడిని. ఒక్కొక్క ఆకునే తిప్పి చూసి, పురుగును బ్రష్షుతో సీసాలోకి రాల్చి, ఆ కొమ్మ మీద వేపనూనె కలిపిన సబ్బునీళ్ళు పిచికారీ చేసేవాడిని. ఇరవై రెండవ కుండీ ముగిసేసరికి తొమ్మిది దాటేది. మరునాడు చూస్తే మొదటి కుండీలో మళ్ళీ పిండి. రెండు వారాలు గడిచాయి. పురుగు తగ్గిందని చెబితే అబద్ధం, పెరగలేదని చెప్పవచ్చు.

పదిహేనవ రోజున మా మరదలు వచ్చింది. నా భార్యకు చెల్లెలు. వాళ్ళ ఇంటికి రంగులు వేయిస్తున్నారు, ఆ వాసన పడదని నెల రోజులు మా ఇంట ఉండడానికి వచ్చింది. ముప్పై ఏళ్ళు ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషి. ఆమెదీ కంటి ఉద్యోగమే కావడం వల్ల మా ఇద్దరికీ మొదటి నుండి కొంత పోటీ ఉంది. పెట్టె దించీ దించకముందే డాబా మీదకు వచ్చి నన్ను చూసింది.

“బావగారూ, మొక్కలకి పళ్ళు తోముతున్నారా?”

“పిండినల్లిని తొలగిస్తున్నాను.”

“ఒక్కొక్కదాన్నీ పట్టుకుని పేరూ ఊరూ అడిగి పంపిస్తున్నట్టున్నారు. ఇలాగైతే మీ గడువు లోపల మీరు రెండో కుండీ దాటరు.”

“పని నిదానంగా జరగవచ్చు. తప్పు మాత్రం జరగదు” అన్నాను.

ఆమె నవ్వి, అక్కగారి చెయ్యి పట్టుకుని క్రిందికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం అక్కాచెల్లెళ్ళు వంటగదిలో చాలాసేపు గుసగుసలాడుకున్నారు. చీరల సంగతి కాబోలు అనుకున్నాను.

మరునాడు నా పిచికారీ డబ్బా పనిచేయలేదు. చూస్తే దాని మూతి ముక్క లేదు. “ఎక్కడో పడిపోయి ఉంటుందిలెండి, వెతుకుతాను” అన్నది నా భార్య. ఆమె ఎంత వెతికినా అది దొరకలేదు. చేతితో ఏరడమే మిగిలింది. ఆ రోజుల్లోనే ఆకుల మీద ఇటుకరంగు తల గల చిన్న నల్ల పురుగులు అక్కడక్కడ కనిపించాయి. నేను ఇచ్చిన హామీ తెల్లని పురుగుకు సంబంధించినది. నల్లవి నా పరిధిలోకి రావు. వాటి జోలికి పోలేదు.

ఇరవై ఏడవ రోజున ఒక కొత్త సంగతి గమనించాను. వంగమొక్కల మీద కొన్ని పిండినల్లులు మామూలు కంటే రెండింతలు, మూడింతలు పెరిగి ఉన్నాయి. ఒంటి నిండా తెల్లని దూది పోగులు వేలాడుతున్నాయి. తెగ తిని బలిసిన ముఠా నాయకులు ఇవే అని నిశ్చయించుకున్నాను. బ్యాంకులో మా పద్ధతి ఒకటే: పెద్ద మోసగాడిని ముందు పట్టు, చిన్నవాళ్ళు తమంతట తామే చెల్లాచెదరవుతారు. కనుక చిన్నవాటిని వదిలి, పెద్దవాటిని మాత్రమే ఏరడం మొదలుపెట్టాను. అవి బ్రష్షుకు అందకుండా పరుగెత్తేవి. దొంగ కనుక పరుగెత్తడం సహజమే అనుకున్నాను. ఆరు రోజులలో నలభై ఒక్కటి పట్టాను.

ఆరవ నాటి ఉదయం సీసాను భోజనాల బల్ల మీద పెట్టి, అక్కాచెల్లెళ్ళను పిలిచి చూపించాను.

మరదలు సీసాను వెలుతురుకు పట్టి చూసింది. చూస్తూ చూస్తూ కుర్చీలో కూలబడింది.

“అక్కా, అయిపోయిందే. మనవాళ్ళని పట్టేసుకున్నారు.”

“ఎవరివాళ్ళని?” అన్నాను.

“బావగారూ, మీరు ఏరింది పిండినల్లిని కాదు. పిండినల్లిని తినేవాటిని. కాపలాకి పోలీసుల్ని పెడితే, వాళ్ళని పట్టుకుని జైల్లో వేశారు.”

అప్పుడు అసలు విషయం బయటపడింది. ఆమెతో పనిచేసిన ఒకావిడ కూతురు వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఉద్యోగి. అక్కడ గుమ్మడికాయల మీద పిండినల్లిని పెంచి, దానిని మేతగా వేసి ఒక రకం అక్షింతల పురుగులను పెంచుతారట. నేను పరిధిలోకి రావని వదిలేసిన నల్లవి అవే. అక్కగారు ఫోనులో సంగతి చెప్పగా, మా మరదలు పెట్టెలో ముప్పై పురుగులను తెచ్చి, వచ్చిన రోజు సాయంత్రమే డాబా మీద వదిలింది. వాటి పిల్లలు పిండినల్లి గుంపులోనే పుట్టి, పిండినల్లి వేషంలోనే తిరుగుతూ దానిని తింటాయి. సబ్బునీళ్ళు వాటికి ప్రాణాంతకం కనుక పిచికారీ మూతి పంచదార డబ్బాలోకి చేరింది.

“ఈ సంగతి నాకు ఎందుకు చెప్పలేదు?” అని నా భార్యను అడిగాను.

“చెబితే ముందు ఆ పురుగుల నమూనా సంతకాలు తెమ్మనేవారు” అన్నది మరదలు.

నా భార్య నవ్వలేదు. “ఒక్కటైనా అని రాసిచ్చారు కదండీ. పురుగులమీదకి ఇంకో పురుగుల్ని వదులుతామంటే మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోరని భయమేసింది. ఈ మొక్కలు కూడా పోతాయేమోనని.”

“ఇవి రెండూ ఒకటి కావనడానికి రుజువు ఏమిటి?” అన్నాను. నా గొంతు కొంచెం పెద్దదైన మాట నిజం.

మరదలు నా భూతద్దం తీసి నా చేతికే ఇచ్చింది. “తెల్లనివన్నీ పాలు కానట్టే, తెల్లనివన్నీ పిండినల్లులూ కావు. వెళ్ళి చూసుకోండి.”

వెళ్ళాను. ఏడవ కుండీలోని వంగకొమ్మ మీద నా బ్రష్షును తప్పించుకున్న పెద్దది ఒకటి దొరికింది. స్టూలు వేసుకుని గంటన్నర చూశాను. పిండినల్లి ఉన్నచోటనే ఉంది. ఈ పెద్దది మాత్రం కొమ్మ పొడవునా గబగబ నడిచి, ఒక తెల్లని గుడ్ల సంచి దగ్గర ఆగి, దానిలో తల దూర్చి, తిని, మరొకదాని దగ్గరకు వెళ్ళింది. సందేహానికి తావు లేదు.

బ్యాంకులో కొత్తగా చేరిన ప్రతి గుమాస్తాకూ నేను మొదటి రోజు చెప్పిన మాట ఒకటుంది. సంతకం ఆకారాన్ని చూడకు, ఊపును చూడు. ఆకారాన్ని ఎవరైనా దింపుతారు. చేతి వేగాన్ని దింపలేరు. నా కళ్ళ ముందు ఒకటి కూర్చుని ఉంటే, ఒకటి పరుగెత్తింది. నేను ఆరు రోజులూ ఆకారాన్నే చూశాను. గుమాస్తా ఎవరైనా ఈ పని చేసి ఉంటే, నేను వాడిని ఆ బల్ల దగ్గర నుండి లేపేసేవాడిని.

క్రిందికి దిగి వచ్చి, “మీరు చెప్పినదే నిజం” అన్నాను. మా మరదలు సీసాను నా కంటికి కనబడకుండా పక్కకు తీసి పెట్టింది.

వెతికి చూస్తే ఆ పెద్దవాటిలో మిగిలినవి ఏడు. గడువు పదమూడు రోజులు. ఇప్పుడు నా పని తలక్రిందులైంది. చీమలు జిగురు కోసం పిండినల్లిని పాడిపశువుల్లా కాపాడుతూ, దాని మీదకు వచ్చినవాటిని తరిమేస్తాయని మరదలు చెప్పగా, ఒక్కొక్క కుండీని ఇటుక మీదకు ఎక్కించి, ఇటుకను నీళ్ళ పళ్ళెంలో నిలిపాను. ఇరవై రెండు కుండీలు, ఇరవై రెండు పళ్ళేలు. నడుము పట్టుకుపోయింది. చీమలు ఆగిపోయాయి. నల్లవి పెట్టిన గుడ్ల నుండి ఇంకా కొత్త పిల్లలు వస్తూనే ఉన్నాయి. రోజు రోజుకూ పిండి పలచబడింది. కొనలలో ఆకుపచ్చని చిగుళ్ళు వచ్చాయి. ముప్పై తొమ్మిదవ రోజున వంగమొక్కకు నా బొటనవేలంత కాయ కనిపించింది. నా భార్య ఆ రోజు మూడుసార్లు డాబా ఎక్కింది.

నలభై ఐదవ నాటి ఉదయం పరిశీలించాను. కాయల ముచ్చికల అడుగున ఒకటి రెండు పిండినల్లులు, భూతద్దానికి మాత్రమే అందేవి, ఉన్నాయి. ఆకుల మీద మాత్రం దూదిపోగుల కాపలావాళ్ళు ఆరు, పట్టపగలు, ఎవరికైనా కనిపించేలా తిరుగుతున్నాయి. తెల్లగా.

“వీటిని తీసేస్తే?” అన్నది నా భార్య.

“తీసేస్తే ముచ్చికల కింద ఉన్నవి పది రోజుల్లో మళ్ళీ డాబా నింపేస్తాయి” అన్నది మరదలు. “నేనొకటి చెబుతాను. ఆ ఆరింటినీ ఒక సీసాలో పెట్టి బీరువాలో దాచేద్దాం. దర్జీ మాస్టారు చూసి వెళ్ళాక మళ్ళీ వదిలేద్దాం. గంటసేపటి భాగోతం. ఎవరికి నష్టం?”

నా భార్య నా వైపు చూసింది. ఆ చూపులో తొమ్మిది లారీలూ ఉన్నాయి. అయినా నేను తల అడ్డంగా ఊపాను.

“అది దొంగ సంతకం అవుతుంది.”

మరదలు నిట్టూర్చింది. “నీ మొగుడు మారడే అక్కా.”

“మారితే గుర్తుపట్టలేనులే” అన్నది నా భార్య. కాని కొంగు చివరను వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

పది గంటలకు దర్జీ గారు వచ్చారు. ఒక చేతిలో నేను రాసిచ్చిన కాగితం. ముందు బట్టల తీగ దగ్గరకు వెళ్ళి, ముందురోజు సాయంత్రం తాను ఆరేసిన తెల్లని నూలు బట్టను తీసి, అరచేతితో మొదలు నుండి చివర దాకా నిమిరారు. బుగ్గకు ఆనించి కూడా చూసుకున్నారు.

“పొడిగా ఉంది సార్. ఎక్కడా అంటుకోలేదు.” ఆ తరువాత కళ్ళజోడు సవరించుకుని వంగమొక్కల దగ్గరకు వచ్చారు. “కాని ఇదేంటి? ఇదిగో ఒకటి. అదిగో ఇంకోటి. ఇవి వెనకటి వాటికన్నా పెద్దగా ఉన్నాయే.” కాగితం విప్పారు. “ఒక్కటైనా అని ఉంది సార్. నేను అడగలేదు. మీరే రాశారు.”

“రాశాను. ఆరు ఉన్నాయి, మీకు రెండే కనిపించాయి. కాయల ముచ్చికల అడుగున అసలు పిండినల్లులు కూడా ఒకటి రెండు ఉన్నాయి. హామీ ప్రకారం మీరు దింపమంటే కుండీలు దింపిస్తాను. దానికి ముందు ఒక్క మాట వినండి.” నేను గొంతు సవరించుకున్నాను. “ఈ పెద్దవి మాత్రం పిండినల్లులు కావు, వాటిని తినేవి. మీరు పొరబడడంలో ఆశ్చర్యం లేదు. నేనే పొరబడ్డాను. ఒక పూట కాదు, ఆరు రోజులు. చేతిలో భూతద్దం ఉంచుకుని, నలభై ఒక్కటిని నా చేతులతో చంపాను.”



“మీరా సార్?” అన్నారు దర్జీ గారు. “మొన్న రశీదు మీద నా సంతకం వంకరగా ఉందని మళ్ళీ పెట్టించిన మీరా?”

“నేనే.”

ఆయన చేయి చాపారు. భూతద్దం ఇచ్చాను. ఆకు మీదకు వంగి చాలాసేపు చూశారు. మెడలోని టేపు జారి బకెట్లో పడినా గమనించలేదు.

“తింటోంది సార్” అన్నారు నెమ్మదిగా. “నిజంగానే తింటోంది. పిండినల్లి పిల్ల కాబోలు, కాలు కూడా మిగల్చలేదు.” తల ఎత్తినప్పుడు ఆయన ముఖంలో నవ్వు ఉంది. “ఇది కచ్చాకుట్టు సార్. కోటు ట్రయలుకి వేసినప్పుడు ఒంటినిండా తెల్లదారం కనిపిస్తుంది. బట్టిచ్చినాయన గుండె జారిపోతుంది, ఇదేం కుట్టురా బాబూ అని. అసలు కుట్టు పడ్డాక ఆ దారం నేనే లాగి పారేస్తాను. ఇవీ అంతేనా? పనయ్యాక పోతాయా?”

“పోతాయి. నల్లగా మారి, తినడానికి ఇక్కడ ఏమీ లేకపోతే ఎగిరిపోతాయి.”

“అయితే ఉండనివ్వండి. కచ్చాకుట్టు చూసి కోటు తిప్పి పంపేవాడు తెలివితక్కువ వాడు. నాకు బట్ట అంటుకోకపోతే చాలు.” కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చింపబోయారు. నేను ఆపాను.

“చింపకూడదు. దిద్దాలి.”

కలం తీసి, ‘ఒక్కటైనా’ అన్న మాటను ఒకే గీతతో కొట్టివేసి, పైన ‘మొక్కకు కీడు చేసేవి మిక్కిలిగా’ అని రాసి, పక్కన పొట్టి సంతకం చేశాను. ఆయన చేత కూడా చేయించాను. ఈసారి వంకరగా ఉన్నా ఊరుకున్నాను.

నా భార్య నా భుజం మీదుగా చదివింది. “మిక్కిలిగా అంటే ఒకటో రెండో ఉన్నా ఫరవాలేదనేగా?”

“అవును.”

“అయితే ఇది హామీ కాదు. బేరం.”

“బేరమే” అన్నాను.

దర్జీ గారు మెట్లు దిగబోతూ ఆగారు. దుకాణం ముందున్న తన మందారానికి కూడా తెల్లగా ఏదో పట్టిందనీ, మా పోలీసులు నలుగురు అప్పు దొరుకుతారా అనీ అడిగారు. “దరఖాస్తు పెట్టుకోండి మాస్టారూ” అన్నది మరదలు. దరఖాస్తు లేకుండానే నేను నాలుగింటిని ఆకుతో సహా తుంచి, అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాను. పెట్టెలో పెట్టే ముందు ఒక్కొక్కదానినీ ఊదాను. నాలుగూ పరుగెత్తాయి.

పది రోజుల తరువాత వంకాయలు కోతకు వచ్చాయి. మొదటి నాలుగింటినీ నా భార్య సంచిలో వేసి క్రింది అంతస్తుకు పట్టుకెళ్ళింది. అలవాటు. తరువాతి ఆరింటినీ మాకు వండింది. వడ్డించి, ఎదురుగా కూర్చుని, ఎలా ఉన్నాయని అడిగింది.

తొందరపడి చెప్పదగిన విషయం కాదు. ఇంకొంచెం వడ్డించమన్నాను.